స్టార్టు కాని పాత టూ స్ట్రోక్ మోటారు సైకిలు: దోష నిర్ధారణ

నిర్వచనం, పరిధి

పిస్టను ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలేలోగా, అంటే క్రాంకుషాఫ్టు ఒక్క చుట్టు తిరిగేలోగా, పని పూర్తిచేసుకునే పెట్రోలు ఇంజనును టూ స్ట్రోక్ ఇంజను అంటారు. అటువంటి ఇంజనున్న పాత మోటారు సైకిలు ఎన్ని కిక్కులు కొట్టినా అందుకోనప్పుడు కారణాన్ని వరుసగా పరీక్షించి తేల్చే పద్ధతి ఈ వ్యాసానికి విషయం. గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాలు, వాటి చుట్టూ ఉన్న కృష్ణా పశ్చిమ డెల్టా పల్లెలు ఇక్కడ ఉదాహరణ ప్రాంతం. కాలువల తేమ, సముద్రపు ఉప్పుగాలి, వరద నీరు మూడూ కలిసే ఈ నేలపై పాత ఇంజన్లకు వచ్చే దోషాలు మెట్ట ప్రాంతపు దోషాలతో అన్ని విధాలా ఒకటి కావు.

వాడుకలో పాత బండి అన్న మాటకు గట్టి హద్దు లేదు. చట్టంలో ఉంది: కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2021 జులైలో చేసిన సవరణ ప్రకారం, తొలి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో పెద్ద మార్పులు లేకుండా ఉన్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలనే వింటేజి వాహనాలుగా గుర్తించి, నంబరు పలకపై వి.ఎ. అనే అక్షరాలతో ప్రత్యేక వరుస కేటాయిస్తారు. ఈ లెక్కన 1960ల నాటి జావా వింటేజి వాహనమే గాని, 1985లో వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100 ఇంకా ఆ గడప తొక్కలేదు. దోష నిర్ధారణకు ఈ తేడాతో పనిలేదు. ఇంజను ఏ ఏటిదన్న దానికంటే ఎంతకాలం కదలకుండా నిలబడి ఉందన్నదే ఎక్కువ విషయం చెబుతుంది.

ఇంజను పనితీరు

టూ స్ట్రోక్ ఇంజనుకు ఫోర్ స్ట్రోక్ ఇంజనులో మాదిరిగా తెరుచుకుని మూసుకునే వాల్వులు తలలో ఉండవు. సిలిండరు గోడలో కోసిన రంధ్రాలే, అంటే పోర్టులే, ఆ పని చేస్తాయి. పైకీ కిందికీ కదులుతూ పిస్టనే వాటిని మూస్తుంది, తెరుస్తుంది. పిస్టను పైకి వెళ్ళేటప్పుడు దాని కింద ఉన్న మూసిన గది, అంటే క్రాంకుకేసు, ఖాళీ పెరిగి కార్బొరేటరు నుంచి పెట్రోలు, గాలి మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. పిస్టను కిందికి దిగేటప్పుడు ఆ మిశ్రమం క్రాంకుకేసులో ఒత్తిడికి లోనై, పక్క దారుల గుండా పైకి వెళ్ళి, కాలిన పొగను బయటికి నెడుతూ సిలిండరును నింపుతుంది. మళ్ళీ పిస్టను పైకి వచ్చి మిశ్రమాన్ని నొక్కిన చివరి క్షణంలో ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది.

దీనివల్ల రెండు పర్యవసానాలున్నాయి. మొదటిది, క్రాంకుకేసు ఇక్కడ క్రాంకును దాచే పెట్టె మాత్రమే కాదు, పంపు కూడా. గాలి చొరబడితే పంపు పనిచేయదు. రెండవది, క్రాంకుకేసులో నూనె నిల్వ ఉంచే వీలులేదు కాబట్టి బేరింగులకు, పిస్టనుకు కావలసిన నూనె పెట్రోలుతోనే వెళ్ళాలి. పాత నమూనాల్లో టూ టీ ఆయిలును లీటరుకు సుమారు 30 నుంచి 50 మిల్లీలీటర్ల చొప్పున ట్యాంకులోనే కలిపేవారు, ఆర్.ఎక్స్. 100 వంటి తర్వాతి నమూనాల్లో విడి ఆయిలు ట్యాంకు, చిన్న పంపు ఆ పని చేస్తాయి.

చరిత్ర

స్కాట్లండుకు చెందిన డుగాల్డ్ క్లర్క్ 1878లో టూ స్ట్రోక్ సూత్రంపై ఇంజను నిర్మించి 1881లో పేటెంటు పొందాడు. క్రాంకుకేసునే పంపుగా వాడే సరళమైన రూపం ఇంగ్లండులోని బాత్ నగరంలో జోసెఫ్ డే కృషితో 1890ల ఆరంభానికి తయారైంది. కొత్త మిశ్రమం సిలిండరులో వంపు తిరిగి పొగను నెట్టేలా పోర్టులను అమర్చే పద్ధతిని జర్మన్ ఇంజనీరు అడాల్ఫ్ ష్నూర్లె 1920లలో రూపొందించగా, డి.కె.డబ్ల్యు. సంస్థ మోటారు సైకిళ్ళ ద్వారా అది ప్రపంచమంతటా వ్యాపించింది.

భారతదేశంలో ఈ బండ్ల కాలం 1960ల తొలినాళ్ళలో మొదలవుతుంది. మైసూరులోని ఐడియల్ జావా సంస్థ చెకోస్లొవేకియా సహకారంతో 1961 నుంచి 250 సి.సి. జావాను తయారుచేసింది, 1970లలో దాని పేరు యెజ్డీగా మారింది, 1996లో కర్మాగారం మూతపడింది. ఎస్కార్ట్స్ సంస్థ పోలండు నమూనా ఆధారంగా చేసిన 173 సి.సి. రాజ్‌దూత్, 1973 నాటి హిందీ చిత్రం బాబీలో కనిపించి ఆ పేరుతోనే పిలుపునందుకున్న చిన్న రాజ్‌దూత్ జి.టి.ఎస్., మద్రాసు ఎన్‌ఫీల్డ్ వారి మినీ బుల్లెట్, 1972లో వచ్చిన లూనా, 1980లో వచ్చిన టి.వి.ఎస్. 50 మోపెడ్లు ఈ వరుసలోవే. హైదరాబాదు ఆల్విన్ సంస్థ పుష్పక్ స్కూటరు కూడా టూ స్ట్రోకే. 1983లో రెండు సిలిండర్ల రాజ్‌దూత్ 350, 1984లో ఇండ్ సుజుకి, 1985లో 98 సి.సి. ఆర్.ఎక్స్. 100, 1986లో కవాసాకి బజాజ్ కె.బి. 100 రావడంతో జపాను సాంకేతికత ప్రవేశించింది. 1985లోనే ఫోర్ స్ట్రోక్ ఇంజనుతో వచ్చిన హీరో హోండా సి.డి. 100 ఇంధన పొదుపుతో ఈ వర్గానికి పోటీ కాగా, 1996, 2000 సంవత్సరాల్లో బిగించిన ఉద్గార ప్రమాణాలు టూ స్ట్రోక్ బండ్లను క్రమంగా రోడ్డుపై నుంచి తప్పించాయి. ఆర్.ఎక్స్. 100 ఉత్పత్తి 1996లో ఆగింది.

పరీక్షల క్రమం

ఇంజను అందుకోవాలంటే సరైన సమయంలో నిప్పురవ్వ, తగిన పాళ్ళలో మిశ్రమం, ఆ మిశ్రమాన్ని నొక్కగల బిగువు కావాలి. ఏ పెట్రోలు ఇంజనుకైనా చెప్పే ఈ మూడింటికి టూ స్ట్రోక్ విషయంలో క్రాంకుకేసు బిగువును నాలుగోదిగా చేర్చాలి. మెకానిక్కులు కరెంటు వస్తోందా, పెట్రోలు వస్తోందా, కంప్రెషన్ ఉందా అని అడిగే వరుస ఖర్చు తక్కువైన దాని నుంచి ఎక్కువైన దానికి సాగుతుంది కాబట్టి అదే సబబైన వరుస. నాలుగో ప్రశ్న అడగకపోవడం వల్లనే పదేపదే కార్బొరేటరు విప్పి బిగించిన బండ్లు అందుకోకుండా మిగిలిపోతుంటాయి.

పనిముట్లు పట్టుకునే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి: పెట్రోలు కాక్ తెరిచి ఉందా, రిజర్వుకు తిప్పాలా, తాళం స్విచ్చి సరైన స్థానంలో ఉందా, హ్యాండిలుపై ఇంజను ఆపే మీట ఉంటే అది నడిచే వైపే ఉందా, ప్లగ్గు టోపీ గట్టిగా కూర్చుందా. ట్యాంకు మూత తెరిచి వాసన చూడటం కూడా ఒక పరీక్షే. నెలల తరబడి నిలవున్న పెట్రోలు తాజా పెట్రోలు మాదిరిగా ముక్కుకు ఘాటుగా తగలక, వార్నిషు వాసన వేస్తుంది.

ఆ తర్వాత ప్లగ్గు విప్పి చూస్తే సగం సమాచారం అక్కడే దొరుకుతుంది. ఎన్నో కిక్కులు కొట్టాక కూడా ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు సిలిండరు దాకా రావడం లేదు. తడిసి, పెట్రోలు కారుతుంటే పెట్రోలు ఎక్కువైంది లేదా కరెంటు రావడం లేదు. నల్లగా, జిడ్డుగా ఉంటే నూనె పాలు ఎక్కువై ఉండవచ్చు, గేరుబాక్సు ఆయిలు లోపలికి వస్తూ ఉండవచ్చు. లేత గోధుమ రంగు ఆరోగ్యానికి గుర్తు, బూడిద తెలుపు గాలి ఎక్కువైందనడానికి గుర్తు. టూ స్ట్రోక్ ప్లగ్గుకే ప్రత్యేకమైన దోషం ఇంకొకటి ఉంది: కాలిన నూనె నుంచి పుట్టిన సన్నని కర్బనపు పోగు రెండు కొనల మధ్య వంతెన కట్టి కరెంటును పక్కదారి పట్టిస్తుంది. కంటికి ఆనని ఆ పోగును గోటితో తీసేస్తే చాలు, బండి ఒక్క కిక్కుకే అందుకోవచ్చు.

జ్వలన వ్యవస్థ

చూ. ప్లగ్గు, మ్యాగ్నెటో, పాయింట్లు, సి.డి.ఐ.

ప్లగ్గును టోపీలో పెట్టి, దాని లోహపు ఒంటిని సిలిండరు తలకు ఆనించి కిక్కు కొట్టినప్పుడు టక్కుమని నీలిరంగు రవ్వ రావాలి. ఎర్రగా, పసుపుగా, సన్నగా వస్తే బలహీనం. సిలిండరు రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది కాబట్టి ప్లగ్గును ఆ రంధ్రానికి దూరంగా పట్టుకోవాలి. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది: బయటి గాలిలో దూకిన రవ్వ సిలిండరు లోపలి ఒత్తిడిలో దూకకపోవచ్చు. అందువల్ల టోపీ విప్పి తీగ కొనను లోహానికి 5, 6 మి.మీ. దూరంలో ఉంచి అక్కడ దూకుతుందేమో చూడటం మరింత నమ్మదగినది. ప్లగ్గు కొనల మధ్య ఖాళీ ఎక్కువ నమూనాలకు 0.5 నుంచి 0.7 మి.మీ. లోపే ఉండాలి.

రవ్వ రాకపోతే ముందు కొత్త ప్లగ్గు, ఆ తర్వాత కొత్త టోపీ పెట్టి చూడాలి. ఈ రెండూ చవక. ఆ తర్వాతి దారి బండి జ్వలన పద్ధతిని బట్టి మారుతుంది.

రాజ్‌దూత్ వంటి బండ్లలో ఫ్లైవీలు లోపలి అయస్కాంతాలు తిరగడం వల్లనే కరెంటు పుడుతుంది. వాడుకలో దీన్ని మ్యాగ్నెట్ అంటారు. బ్యాటరీ లేకపోయినా ఇంజను అందుకోవాలి. జావా, పాత యెజ్డీ, రాజ్‌దూత్ 350లలో కాయిలుకు బ్యాటరీ నుంచి కరెంటు వెళుతుంది. బ్యాటరీ దిగిపోతే కిక్కుతో అందుకోవడం కష్టం. ఈ రెండు పద్ధతుల్లోనూ కరెంటును సరైన క్షణంలో తెంచేవి పాయింట్లు, అంటే చిన్న మిట్ట ఎత్తినప్పుడల్లా విడివడే రెండు లోహపు ముఖాలు. వాటి మధ్య గరిష్ఠ ఖాళీ సాధారణంగా 0.3 నుంచి 0.4 మి.మీ.; దాన్ని ఫీలరు గేజితో కొలుస్తారు.

డెల్టా ప్రాంతంలో వానాకాలమంతా నిలిపి ఉంచిన బండి కరెంటు ఇవ్వకపోతే మొదట అనుమానించవలసింది ఈ పాయింట్లనే. తేమ వల్ల వాటి ముఖాలపై కంటికి కనిపించని పొర ఏర్పడి తక్కువ వోల్టేజి కరెంటును అడ్డుకుంటుంది. సన్నని ఎమరీ పేపరు ముక్కతో ఒకటి రెండుసార్లు రుద్ది, ఆ తర్వాత పెట్రోలులో తడిపి ఆరబెట్టిన శుభ్రమైన కాగితాన్ని మధ్య నుంచి లాగితే పొర పోతుంది. ఎమరీ పొడి మిగిలిపోతే మళ్ళీ అదే దోషం పుడుతుంది కాబట్టి రెండో పని మానకూడదు. బ్యాటరీ బండ్లలో తాళం వేసి, పాయింట్లు మూసుకున్న స్థితికి ఇంజనును తిప్పి, స్క్రూడ్రైవరు కొనతో వాటిని విడదీస్తే కాయిలు తీగ నుంచి రవ్వ దూకాలి. కిక్కు కొట్టకుండానే కాయిలు, పాయింట్లు, కండెన్సరు మూడింటినీ ఒకేసారి పరీక్షించే మార్గం ఇది.

కండెన్సరు చెడితే పాయింట్ల వద్దనే రవ్వలు చిట్లి, ముఖాలు నల్లబడి, ప్లగ్గు రవ్వ పసుపు రంగుకు తిరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక చచ్చిపోయే కండెన్సర్లు, కాయిళ్ళు కూడా ఉంటాయి. తెనాలిలో ఉదయం చక్కగా అందుకున్న బండి రేపల్లెలో మధ్యాహ్నం మొండికేసి, గంట చల్లారాక మళ్ళీ అందుకుంటే ఈ రెండింటిలో ఒకదాన్ని మార్చి చూడాలి.

ఆర్.ఎక్స్. 100లో, తర్వాతి కాలపు యెజ్డీల్లో పాయింట్ల స్థానంలో సి.డి.ఐ. అనే ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. అది ఒక కండెన్సరులో కరెంటు నింపి, చిన్న పల్సరు కాయిలు ఇచ్చే సంకేతంతో ఒక్కసారిగా వదులుతుంది. పెట్టెను విప్పి బాగుచేసే వీలు లేదు కాబట్టి అది చెడిందన్న నిర్ణయానికి రావడం చివరి మెట్టు కావాలి. యమహా బండ్లలో నలుపుపై తెలుపు చారలున్న తీగ ఇంజనును ఆపడానికి ఉద్దేశించింది. తాళం స్విచ్చి లోపల తేమ చేరి ఆ తీగ బాడీకి తగులుతుంటే సి.డి.ఐ. బాగున్నా కరెంటు రాదు. ఆ తీగను పెట్టె దగ్గర విడదీసి కిక్కు కొడితే నిజం తేలుతుంది.

రవ్వ ఉన్నా, తప్పు సమయంలో వస్తే ఇంజను అందుకోదు. పిస్టను పై చివరకు చేరడానికి కొద్దిగా ముందు, నమూనాను బట్టి సుమారు 2 నుంచి 4 మి.మీ. దూరంలో, రవ్వ రావాలి. ఫ్లైవీలును క్రాంకుపై జారకుండా పట్టి ఉంచే అర్ధచంద్రాకారపు చిన్న కీ తెగితే టైమింగు ఒక్కసారిగా మారిపోతుంది; కిక్కు వెనక్కి తన్నడం, కార్బొరేటరులోంచి పేలుడు శబ్దం రావడం దీని లక్షణాలు. పోర్టులు పిస్టను స్థానాన్ని బట్టి మాత్రమే తెరుచుకుంటాయి కాబట్టి, టైమింగు మరీ తప్పిన పాత టూ స్ట్రోక్ ఇంజను వెనుక దిశలో తిరగడం కూడా సాధ్యమే. అలా తిరిగినప్పుడు గేరు వేస్తే బండి వెనక్కి కదులుతుంది.

ఇంధన వ్యవస్థ

చూ. కాక్, కార్బొరేటరు, ఇథనాల్ పెట్రోలు

కరెంటు బాగుందని తేలాక, ప్లగ్గు రంధ్రంలో అర చెంచా పెట్రోలు పోసి, ప్లగ్గు బిగించి కిక్కు కొట్టడం అతి సులభమైన పరీక్ష. ఒకటి రెండు క్షణాలు అందుకుని ఆగిపోతే దోషం పెట్రోలు దారిలో ఉంది. అసలు ఉలకకపోతే టైమింగు, కంప్రెషన్, క్రాంకుకేసులలో వెతకాలి. పెట్రోలుకు బదులు ఈథరు స్ప్రేలు వాడటం టూ స్ట్రోక్ ఇంజనుకు మంచిది కాదు. వాటిలో నూనె ఉండదు.

పెట్రోలు గొట్టాన్ని కార్బొరేటరు దగ్గర విప్పి కాక్ తెరిస్తే ధార ఆగకుండా రావాలి. మొదట వచ్చి, క్రమంగా తగ్గి, ట్యాంకు మూత తెరవగానే మళ్ళీ పుంజుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్లే. అసలు రాకపోతే కాక్ జల్లెడ, దాని కింది గిన్నె, ట్యాంకు తుప్పు చూడాలి.

కార్బొరేటరులో ఎక్కువగా మూసుకుపోయేది పైలట్ జెట్టు. తక్కువ వేగంలో, స్టార్టింగులో పెట్రోలు అందించే ఈ ఇత్తడి ముక్క రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. గిన్నెలో పెట్రోలు ఆవిరైపోయాక మిగిలే నూనె, బంక దానిలో గట్టిపడతాయి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే గుండ్రని చుక్క కనిపించాలి. ఉక్కు తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై మిశ్రమం పాళ్ళు శాశ్వతంగా చెడతాయి. శుభ్రపరిచే ద్రవంలో నానబెట్టి గాలి ఊదడం, తప్పనప్పుడు సన్నని రాగి పోగు వాడటం సరైన పద్ధతి.

జావా, యెజ్డీల జికోవ్ కార్బొరేటరుపై ఒక చిన్న బొత్తాం ఉంటుంది. చల్లగా ఉన్న ఇంజనును స్టార్టు చేసేముందు పెట్రోలు చెమ్మ కనిపించే దాకా దాన్ని నొక్కాలి. కొత్తగా ఈ బండి కొన్నవారిలో చాలామందికి ఇది తెలియక బండిలో లేని దోషాన్ని వెతుకుతారు. అదే బండ్లలో గేరు మీటే కిక్కు మీట కూడా. దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు అవుతుంది. మరోవైపు, పాత ఇత్తడి ఫ్లోటుకు చిల్లుపడి పెట్రోలు లోపలికి చేరితే అది మునిగిపోయి కార్బొరేటరు పొంగుతుంది. ఫ్లోటును విప్పి చెవి దగ్గర ఊపితే లోపలి పెట్రోలు చప్పుడు వినిపిస్తుంది.

పెట్రోలు పొంగి ఇంజను తడిసిపోతే కాక్ మూసి, ప్లగ్గు తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని పది పదిహేను కిక్కులు కొట్టి, లోపలి తడి ఆరాక పొడి ప్లగ్గుతో మళ్ళీ ప్రయత్నించాలి. క్రాంకుకేసులో చేరిన పెట్రోలు ఫోర్ స్ట్రోక్ ఇంజనులో మాదిరిగా త్వరగా పోదు. అందుకే తడిసిన టూ స్ట్రోక్‌ను ఆపకుండా తన్నుతూపోతే ఫలితం ఉండదు.

2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలై, 2025 నాటికి దేశమంతటా అదే సాధారణ పెట్రోలు కావడం పాత బండ్లకు కొత్త సమస్యలు తెచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీటి పాలు హద్దు దాటగానే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి, కాక్ మొదట లాక్కునేది ఆ పొరనే. అప్పటి రబ్బరు గొట్టాలు, కాక్ లోపలి కార్కు, సీళ్ళు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అవి ఉబ్బి, మెత్తబడి, ముక్కలై జెట్టులో చేరతాయి. నూనె పెట్రోలులోనే కలిపే బండ్లలో ఇథనాల్ పొర విడిపోతే మరో ప్రమాదం ఉంది: నూనె పై పెట్రోలు పొరతోనే ఉండిపోయి, ఇంజనుకు నూనె లేని ద్రవం అందుతుంది. నెలకు మించి నిలిపే బండి ట్యాంకును, కార్బొరేటరు గిన్నెను ఖాళీ చేయడం ఇందుకు విరుగుడు.

క్రాంకుకేసు, ఆయిలు సీళ్ళు

పాత టూ స్ట్రోక్‌లలో అతి తక్కువగా గుర్తింపు పొందే దోషం ఇదే. క్రాంకుషాఫ్టు రెండు చివరలా ఉండే రబ్బరు సీళ్ళు క్రాంకుకేసును గాలి చొరకుండా మూస్తాయి. ఏళ్ళ తరబడి కదలని షాఫ్టుకు ఆనుకుని ఉన్న సీలు పెదవి గట్టిపడి, తొలి కిక్కులకే చిరుగుతుంది. మ్యాగ్నెటో వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి వచ్చి మిశ్రమం పలచబడుతుంది: బండి కష్టంగా అందుకుంటుంది, అందుకున్నా తనంతట తానే వేగం పెంచుకుంటుంది. క్లచ్చు వైపు సీలు పోతే గేరుబాక్సు ఆయిలు క్రాంకుకేసులోకి పీల్చుకుపోతుంది: ప్లగ్గు జిడ్డుబారుతుంది, దట్టమైన తెల్లపొగ వస్తుంది, గేరుబాక్సులో ఆయిలు మట్టం కారణం లేకుండా తగ్గుతుంది. కింద నేలపై చుక్క కూడా కారకుండా ఆయిలు మాయమవుతుంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

నిర్ధారణకు కార్బొరేటరు, సైలెన్సరు మార్గాలను మూసి, చదరపు అంగుళానికి 5, 6 పౌండ్ల మేర గాలి ఎక్కించి, కొన్ని నిమిషాల పాటు గేజి దిగకుండా నిలుస్తుందేమో చూస్తారు. సబ్బు నీరు పూస్తే బుడగలు కారే చోటు చూపిస్తాయి. సీళ్ళే కాక సిలిండరు కింది గాస్కెట్టు, కార్బొరేటరు రబ్బరు కూడా ఇలాగే దొరుకుతాయి. సీళ్ళ ధర తక్కువే గాని, క్లచ్చు వైపుది మార్చాలంటే కొన్ని నమూనాల్లో ఇంజనును రెండుగా విడదీయాలి.

ఆర్.ఎక్స్. 100, రాజ్‌దూత్ 350లలో కార్బొరేటరుకు, క్రాంకుకేసుకు మధ్య రీడ్ వాల్వు, అంటే ఒకే దిశలో వంగే పలుచని రేకు ఉంటుంది. అది చిట్లినా, అంచు లేచినా పీల్చుకున్న మిశ్రమం వెనక్కి చిమ్ముతుంది. కార్బొరేటరు నోటి దగ్గర చేయి పెడితే తడి తెలుస్తుంది.

కంప్రెషన్

కిక్కు మీటపై నిదానంగా బరువు వేస్తే మంచి ఇంజను కొంతసేపు ఎదురు నిలుస్తుంది, ఆ తర్వాతే లోబడుతుంది. గేజితో కొలిస్తే చదరపు అంగుళానికి 100 పౌండ్లకు పైన చూపాలి; 90 దిగితే అందుకోవడం కష్టమవుతుంది. ప్లగ్గు రంధ్రంలో కొద్దిగా నూనె పోసి మళ్ళీ కొలిచినప్పుడు అంకె పెరిగితే రింగులు, బోరు అరిగినట్లు. పెరగకపోతే తల గాస్కెట్టును చూడాలి. కర్బనంలో ఇరుక్కుపోయిన రింగును పిస్టను విప్పి శుభ్రపరిస్తే సరిపోవచ్చు. అరిగిన బోరును తోడించి 0.25 మి.మీ. చొప్పున పెద్దవైన పిస్టన్లు వేస్తారు.

ఇంజను పూర్తిగా పట్టేసి కిక్కు దిగకపోతే బలం చూపకూడదు. ప్లగ్గు రంధ్రంలో పలుచని నూనె పోసి ఒకటి రెండు రోజులు వదిలి, పై గేరులో బండిని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపితే తుప్పు పట్టు చాలాసార్లు వదులుతుంది. వదిలాక వెంటనే స్టార్టు చేయకుండా బోరును విప్పి చూడాలి.

గాలి, పొగ మార్గాలు

నూనె కలిసిన పొగ వల్ల సైలెన్సరు లోపలి గొట్టం, సిలిండరు పొగ పోర్టు కర్బనంతో మూసుకుపోతాయి. నిలిపి ఉంచిన బండిలో కందిరీగలు సైలెన్సరు తోకలో మట్టిగూళ్ళు కడతాయి, గాలి ఫిల్టరు పెట్టెలో ఎలుకలు గడ్డి పేరుస్తాయి. పొగ దారి మూసుకున్న ఇంజనుకు కరెంటు, పెట్రోలు ఎంత బాగున్నా అందుకునే వీలులేదు.

డెల్టా పరిస్థితులు

బాపట్లకు దాదాపు 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక తీరం నుంచి, రేపల్లెకు నైరుతిన నిజాంపట్నం రేవు నుంచి వీచే ఉప్పుగాలి అల్యూమినియం క్రాంకుకేసుపై తెల్లటి పొడిని, తీగల చివరలపై పచ్చటి చిలుమును తెస్తుంది. కరెంటు ఉన్నా బాడీకి అది చేరే ఎర్తు కలయికలు చెడితే రవ్వ రాదు. తీరప్రాంతపు బండిలో కాయిలును మార్చేముందు దాన్ని బిగించిన బోల్టు కింద రంగు, తుప్పు గీకడం మేలు.

వరద మునక వేరే తరహా సమస్య. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణా వరద కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంక గ్రామాలను ముంచింది. మునిగిన బండికి వెంటనే కిక్కు కొట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు, ఎందుకంటే నీరు ఒత్తిడికి కుదించుకుపోదు, కనెక్టింగు రాడ్డు వంగుతుంది. ప్లగ్గు తీసి, బండిని వంచి నీరు కార్చి, క్రాంకుకేసుకు అడుగు బోల్టు ఉంటే విప్పి, ట్యాంకు, కార్బొరేటరు, గేరుబాక్సు ఖాళీ చేసి, మ్యాగ్నెటో మూత తెరిచి ఆరబెట్టాలి. ఆ తర్వాత సిలిండరులో నూనె పోసి చేత్తో తిప్పాలి. సముద్రపు నీరైతే ముందు మంచినీటితో కడగడం తప్పనిసరి. క్రాంకు బేరింగులకు విడిగా నూనె నిల్వ లేదు కాబట్టి టూ స్ట్రోక్ ఇంజను మునిగాక కొద్ది రోజులకే లోపల తుప్పు మొదలవుతుంది. ఈ విషయంలో ఫోర్ స్ట్రోక్ కొంత నయం.

విడిభాగాలు, చట్టపరమైన స్థితి

జావా పేరు 2018 నవంబరులో, యెజ్డీ పేరు 2022 జనవరిలో క్లాసిక్ లెజెండ్స్ సంస్థ ద్వారా మళ్ళీ మార్కెట్లోకి వచ్చినా, కొత్త బండ్లవి ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు. వాటి భాగాలు పాత ఇంజన్లకు సరిపోవు. పాత భాగాల కోసం ఈ ప్రాంతంవారు విజయవాడ ఆటోనగరు, గుంటూరు మార్కెట్లపై ఆధారపడతారు. పాయింట్లు, కండెన్సర్ల విషయంలో ఏళ్ళనాటి అసలు సరుకు కంటే కొత్త నకలు మేలని చెప్పలేం, అలాగని అసలు సరుకంతా మంచిదనీ కాదు. పెట్టెలో 30 ఏళ్ళున్న సీలు రబ్బరు బండిలో ఉన్నదానిలాగే గట్టిపడుతుంది. తెనాలిలో గుజరీకి చేరిన పాత చైన్లు, గేర్లు, నట్లు బోల్టులలో కొన్ని అక్కడి సూర్య శిల్పశాల ఇనుప తుక్కు విగ్రహాల్లో భాగమవుతున్నాయి. విడిభాగాల కోసం వెతికే వారికి ఇది నష్టమే.

ప్రైవేటు వాహనాల రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు చెల్లుతుంది. ఆపై ఐదేళ్ళకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త వాహనాలకు ఏపీ 39 వరుస మొదలుపెట్టినా, గుంటూరు జిల్లా పాత బండ్లపై ఏపీ 07 కొనసాగుతోంది. 50 ఏళ్ళు దాటిన బండికి వింటేజి రిజిస్ట్రేషను రుసుము 20 వేల రూపాయలు. పదేళ్ళు చెల్లుతుంది, తిరిగి రిజిస్టరు చేయడానికి 5 వేలు. ఆ వరుసలోని బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, ఇంధనం నింపడం వంటి పనులకే రోడ్డెక్కించాలి గాని రోజువారీ రాకపోకలకు వాడరాదు.